వ్యాన్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది

గత డిసెంబరులో అరకు లోయలోని ఒక బసలో, తెల్లవారి ఇంకా మంచు వీడకముందే, మా మేనల్లుడి భార్య తడి గడ్డి మీద ఉత్త కాళ్లతో నిలబడి వాళ్ల క్యాంపర్ వ్యాన్ తలుపు తీయబోయింది. పిడి పట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కుని, "మావయ్యగారూ, తలుపు పట్టుకుంటే చీమలు పాకినట్టు జివ్వుమంటోంది" అని నన్ను పిలిచింది. బస యజమాని మర్యాదస్తుడు. టీ తీసుకొస్తూ ఆ మాట విని, "చలికాలంలో ఇనుము ముట్టుకుంటే అలాగే ఉంటుందమ్మా, వ్యాన్లలో వచ్చినవాళ్లందరూ అంటూనే ఉంటారు, ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు" అని ధైర్యం చెప్పాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు కానీ, గాజువాక వైపు ఒక కర్మాగారంలో 34 ఏళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసిన నాకు ఆ మాటతో ఒళ్లు చల్లబడింది. వచ్చిన ప్రతివాళ్లకూ జివ్వుమంటోందంటే, వ్యాన్‌కు కరెంటు ఇస్తున్న ఆ ప్లగ్గు పాయింటులో ఎర్త్ లేదని ఎన్నో రోజులుగా ఆ పాయింటే చెబుతోంది, ఎవరూ వినలేదు.

అందరినీ వ్యాన్‌కు దూరంగా నిలబెట్టి, బూట్లు వేసుకుని, తోటలో ఉన్న గునపాన్ని తడి నేలలోకి మూరెడు దింపి, దానికీ వ్యాన్ లోహపు చట్రానికీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే 112 వోల్టులు చూపించింది. మీటరు తీగల పక్కనే టెస్ట్ ల్యాంపు కూడా కలిపితే బల్బు వెలగలేదు, మీటరు మాత్రం దాదాపు సున్నాకు పడిపోయింది. దీన్నిబట్టి ఫేజ్ నేరుగా బాడీకి తగల్లేదని తెలిసింది. బ్యాటరీ ఛార్జరు, ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి వంటి వాటి లోపల విద్యుత్ అలజడిని అణచడానికి ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ ఉన్నంతకాలం వాటిగుండా వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు వెంట పోతుంది. ఎర్త్ తెగిపోతే ఆ రెండు కెపాసిటర్ల నడుమ బాడీ తేలిపోయి, 230 వోల్టుల్లో సుమారు సగం దగ్గర నిలుస్తుంది. ఒక్కో పరికరం నుంచి వచ్చేది మిల్లీ ఆంపియర్‌లో సగమో ముప్పాతికో ఉంటుంది. నాలుగైదు పరికరాలవి ఒకే చట్రం మీద కలిస్తే, తడి కాళ్లతో ఉన్న మనిషికి చీమలు పాకినట్టు తెలుస్తుంది. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి) దింపి సాకెట్ విప్పి చూస్తే అనుకున్నట్టే అయింది. ఫేజ్, న్యూట్రల్ రెండూ బిగించి ఉన్నాయి, పైన ఉన్న పెద్ద రంధ్రం వెనక స్క్రూకు అసలు వైరే లేదు.

ఆ జివ్వుమనడం మనిషిని చంపదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ స్థితిలో గీజరు ఎలిమెంటు చిట్లినా, తలుపు సందులో నలిగి ఒక వైరు మీది తొడుగు పోయినా, తేలుతున్న ఆ చట్రం మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. ఏ ఫ్యూజూ పోదు, ఏ ఎంసీబీ పడదు, లోపల దీపాలు మామూలుగానే వెలుగుతూ ఉంటాయి, పాట వినబడుతూనే ఉంటుంది. ఆ సంగతి తలుపు పట్టుకున్న మొదటి మనిషికి మాత్రమే తెలుస్తుంది.

మా మేనల్లుడు అప్పుడు అడిగిన ప్రశ్న చాలామంది అడిగేదే: "రబ్బరు టైర్ల మీద ఉన్న బండికి షాక్ ఎలా కొడుతుంది మావయ్యా?" టైర్లు మనల్ని కాపాడతాయన్న నమ్మకం బలంగా ఉంది కానీ, ఇక్కడ ఆ టైర్లే ప్రమాదానికి కారణం. ఇనుప బీరువా తడి నేల మీద ఉంటే దానికి చేరిన కరెంటు కొంతైనా నేలలోకి పోతుంది. వ్యాన్ నాలుగు రబ్బరు టైర్ల మీద నేలతో సంబంధం లేకుండా నిలబడుతుంది కనుక, దాని మీదికి వచ్చిన వోల్టేజి ఎటూ పోలేక కాచుకుని ఉంటుంది. పాదం నేల మీద, చెయ్యి పిడి మీద పెట్టిన మనిషే దానికి దొరికిన మొదటి దారి. లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ కాదు, ఎందుకంటే వాళ్ల చుట్టూ ఉన్నదంతా ఒకే వోల్టేజిలో ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు మట్టిలో ఉన్న ఆ ఒక్క క్షణంలోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఎంత కరెంటు ప్రమాదమో తెలియకపోతే ఈ విషయం తీవ్రత అర్థం కాదు. సుమారు 1 మిల్లీ ఆంపియర్ దగ్గర మనకు తెలుస్తుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేకపోవచ్చు. 30 దాటి కొద్ది సెకన్లు ప్రవహిస్తే ఊపిరికీ గుండెకూ ప్రమాదం. 100 దగ్గర గుండె లయ తప్పి కొట్టుకునే అవకాశం ఎక్కువ. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి, అంటే పావు ఆంపియర్ కూడా కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది కనిపించనైనా కనిపించదు. ఎంసీబీ ఉన్నది తీగలు కాలిపోకుండా చూడటానికి. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య తేడా 30 మిల్లీ ఆంపియర్లయితేనే పడిపోయే స్విచ్చి. బోర్డులో ఎంసీబీ ఉంది కాబట్టి భయం లేదని అనేవాళ్లను నేను విశాఖలో ఇంటింటా చూశాను, చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టింపు ఏర్పడటానికి కారణం కొన్నేళ్ల కిందట అమెరికాలో మా అబ్బాయి కుటుంబంతో ఒక ఆర్‌వీ (ఇల్లులా అమర్చిన ప్రయాణపు బండి) అద్దెకు తీసుకుని వారం రోజులు తిరగడం. అక్కడ క్యాంపుల్లో ప్రతి బండికీ ఒక గట్టు, గట్టు పక్కన నడుమెత్తు స్తంభం, ఆ స్తంభం పెట్టెలో సాకెట్లూ బ్రేకర్లూ ఉంటాయి. ఎవరి పెట్టె దగ్గరికి వాళ్లు వచ్చి, ఎవరి చేతులతో వాళ్లే కలుపుకోవాలి. నాకు ముందు తట్టిన జాగ్రత్త రంగుల గురించి. మన దగ్గర నలుపు అంటే న్యూట్రల్, పాత పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. వాళ్లకు నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ లేదా తొడుగు లేని రాగి తీగ ఎర్త్. ఇన్నేళ్ల అలవాటున్న చెయ్యి అక్కడ నల్ల తీగను నిర్భయంగా పట్టుకోబోతుంది. అమెరికాలో పిల్లల ఇళ్లకు వెళ్లి ఫ్యాన్లూ దీపాలూ బిగించిపెట్టే నాన్నలందరికీ ఈ ఒక్క మాట చేరాలని నా కోరిక.

ఆ పెట్టెలో మామూలుగా 3 రకాల సాకెట్లు ఉంటాయి. 120 వోల్టుల 20 ఆంపియర్ల సాకెట్‌కు మన ఆర్‌సీసీబీ లాంటి జీఎఫ్‌సీఐ ఉంటుంది, అది 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతుంది. టీటీ-30 అనే 30 ఆంపియర్ల సాకెట్ కూడా 120 వోల్టులదే. 14-50 అనే 50 ఆంపియర్ల నాలుగు పిన్నుల సాకెట్‌లో రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్ ఉంటాయి. పెద్ద సాకెట్లు రెంటికీ సాధారణంగా ఆ 5 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండదు. అక్కడ జరిగే పొరపాట్లలో పేరుపడ్డది ఇంటి దగ్గర జరిగేది: 30 ఆంపియర్ల సాకెట్ బిగించమంటే, ఆ రూపాన్ని చూసి బట్టలారబెట్టే యంత్రం సాకెట్ అనుకుని ఎలక్ట్రీషియన్ 240 వోల్టులు ఇచ్చేస్తాడు. బండి కలిపిన క్షణంలో లోపలి పరికరాలన్నీ మాడిపోతాయి.

50 ఆంపియర్ల సాకెట్‌లో న్యూట్రల్ వదులైతే జరిగేది ఇంకా ఘోరం, పైగా లెక్క వేసి చూపిస్తే తప్ప చాలామంది నమ్మరు. ఒక ఫేజు మీద 1500 వాట్ల ఏసీ, రెండో ఫేజు మీద 100 వాట్ల టీవీ ఉన్నాయనుకుందాం. న్యూట్రల్ ఉన్నంతసేపు రెంటికీ చెరో 120 వోల్టులు. న్యూట్రల్ తెగిన మరుక్షణం అవి రెండూ 240 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటిగా నిలుస్తాయి. ఏసీ నిరోధం సుమారు 9.6 ఓములు, టీవీది 144 ఓములు. కాబట్టి ఏసీకి 15 వోల్టులు మిగిలి, టీవీకి 225 వోల్టులు చేరతాయి. పెద్దది నిలిచిపోతుంది, చిన్నది కాలిపోతుంది. మన ఊళ్లో మూడు ఫేజుల సర్వీసు ఉన్న అపార్ట్‌మెంట్లలో న్యూట్రల్ పోయినప్పుడు ఒక ఫ్లాటులో దీపాలు గుడ్డివై, పక్క ఫ్లాటులో బల్బులు పేలిపోవడం కూడా ఇదే లెక్క.

మేము ఆగిన రెండో క్యాంపులో 30 ఆంపియర్ల సాకెట్ ముఖం ఒకవైపు గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంది. నా అనుమానం బలపడటానికి అంతకంటే పరీక్ష అవసరం లేదు. వందలమంది పెట్టి తీసిన సాకెట్‌లో లోపలి ఇత్తడి పట్టు సడలిపోతుంది. ఆ సడలిన చోట ఓములో పదో వంతు నిరోధం ఉన్నా, 30 ఆంపియర్లు పోతే 90 వాట్ల వేడి పుడుతుంది. గుప్పెడంత ప్లాస్టిక్ ముక్కలో 90 వాట్లు అంటే లోపల ఒక చిన్న ఇస్త్రీపెట్టె పెట్టినట్టే. మా అబ్బాయి మొహమాటపడ్డాడు కానీ, నేను పట్టుబట్టి గట్టు మార్పించాను. ఆ క్యాంపు వాళ్లు మారు మాట్లాడకుండా వేరే చోటు ఇచ్చారు.

అక్కడ ఎక్కువమంది మూడు దీపాల టెస్టరు ఒకటి జేబులో ఉంచుకుంటారు. సాకెట్‌లో పెడితే తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో దీపాల వరస చెబుతుంది. మంచి పరికరమే, కానీ దాన్ని పూర్తిగా నమ్మకూడని సందర్భం ఒకటుంది. ఎర్త్ తీగ లేని పాత లైనులో కొందరు సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్క కలిపేస్తారు. ఈ పని మన దగ్గరా జరుగుతుంది, నేను మానిపించిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఆ లైనులో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే ఎర్త్ పిన్నే ఫేజవుతుంది, అంటే ప్లగ్గు పెట్టగానే బండి చట్రమంతా ఫేజవుతుంది. మూడు దీపాల టెస్టరు మాత్రం పిన్నుల మధ్య తేడాలనే చూస్తుంది కనుక అంతా సవ్యమని చూపిస్తుంది. దాన్ని పట్టుకోగలిగేది నేలతో పోల్చి చూసే పరీక్ష మాత్రమే: తాకకుండా దగ్గర పెడితే కూత పెట్టే పెన్ను లాంటి టెస్టరును, ముందు కరెంటున్న ఒక సాకెట్ మీద పనిచేస్తోందో లేదో చూసుకుని, తర్వాత బండి బాడీ దగ్గర పెట్టాలి. మన ఇళ్లలో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టరు ఇందుకు చాలదు. అందులోని నియాన్ దీపం వెలగాలంటే మనిషి గుండా నేలకు దారి ఉండాలి. పొడి చెక్క మీద మందపాటి చెప్పులతో నిలబడితే నిజంగా ఫేజున్నా అది మసకగానే వెలుగుతుంది, పగటి వెలుతురులో కనిపించకపోవచ్చు.

మళ్లీ అరకు సంగతికి వస్తాను. సాకెట్‌లో ఎర్త్ లేదని చూపించగానే బస యజమాని వెంటనే, "అయితే సార్, ఇక్కడే ఒక రాడ్ పాతించి దీనికి కలిపేస్తాను" అన్నాడు. చిత్తశుద్ధితో అన్న మాటే కానీ, అది సగం వైద్యం. ఆ రాళ్ల నేలలో ఒక్క రాడ్ పాతితే దాని నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. ఫేజ్ బాడీకి తగిలితే 230 వోల్టులకు 11.5 ఆంపియర్లు మాత్రమే పోతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ 11.5 ఆంపియర్లను పొయ్యికో గీజరుకో వాడుతున్న కరెంటు అనుకుని ఊరుకుంటుంది, బండి బాడీ గంటల తరబడి ఫేజులోనే ఉంటుంది. అమెరికాలోనూ ఇదే లెక్క: 120 వోల్టులు, 25 ఓముల రాడ్ అయితే 4.8 ఆంపియర్లు, 30 ఆంపియర్ల బ్రేకరుకు చలనమే ఉండదు. అందుకే అక్కడ ఎర్త్ తీగ స్తంభం దగ్గరి రాడ్‌తో ఆగిపోకుండా ప్రధాన బోర్డు దాకా తిరిగి వెళ్లి, అక్కడ ఒక్కచోట మాత్రమే న్యూట్రల్‌తో కలవాలని నిబంధన. లోపం వచ్చినప్పుడు తీగ గుండా వందల ఆంపియర్లు పోయి బ్రేకరు తక్షణం పడిపోవాలి. మన పల్లెల్లో ఆ దారి ఉండని చోట్ల ఎర్త్ పిట్, ఆర్‌సీసీబీ రెండూ కలిసి ఉండాల్సిందే. పిట్ నిరోధం 20 ఓములు కాదు, 100 ఓములున్నా 2.3 ఆంపియర్లు పోతాయి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రెప్పపాటులో పడిపోతుంది. పిట్ ఎలా తవ్వాలో, ఎలా కొలవాలో మన ఐఎస్ 3043 ప్రమాణంలో వివరంగా ఉంది.

ఐరోపాలో ఈ సమస్యను ఇంకా పకడ్బందీగా పరిష్కరించారు. క్యారవాన్ల (ఇలాంటి వసతి బండ్ల) పార్కుల కోసమే ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణంలో 708 అనే భాగం ఉంది. దాని ప్రకారం ప్రతి సాకెట్‌కూ దానికంటూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ, విడిగా ఓవర్‌లోడ్ రక్షణ ఉండాలి, సాకెట్ నేల నుంచి అర మీటరుకూ ఒకటిన్నర మీటరుకూ మధ్య ఎత్తులో ఉండాలి. బ్రిటన్‌లో ఇళ్లకు న్యూట్రల్, ఎర్త్ కలిపి ఒకే తీగగా వచ్చే సరఫరా మామూలే అయినా, ఆ ఎర్త్‌ను క్యారవాన్‌కు ఇవ్వడాన్ని నిషేధించారు, ఎందుకంటే వీధిలో ఆ ఒక్క తీగ తెగితే బండి చట్రం ఫేజవుతుంది. అక్కడ వాడే నీలం రంగు గుండ్రటి ప్లగ్గు మనకు కొత్తది కాదు. ఐఈసీ 60309 ప్రకారం నీలం 230 వోల్టులకు, ఎరుపు 400 వోల్టులకు గుర్తు. మన ఫ్యాక్టరీల్లో ఇండస్ట్రియల్ ప్లగ్గు అని పిలిచేది అదే, విశాఖలో పెద్ద ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతుంది. ఇంట్లో గోడకుండే 16 ఆంపియర్ల సాకెట్‌ను కిటికీ బయటికి లాగి వ్యాన్లకు ఇవ్వడం కంటే, మూతున్న ఈ నీలం సాకెట్‌ను వాన తగలని పెట్టెలో బిగించి, దాని వెనక ఒక ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకటిగా ఉన్నది) పెడితే బస నడిపేవాళ్ల బాధ్యతలో పెద్ద భాగం తీరుతుంది.

తీగ సంగతి క్లుప్తంగా చెబుతాను. 16 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి కేబుల్ కంటే సన్నది వాడకూడదు. చక్రానికి చుట్టిన తీగను పూర్తిగా విప్పకుండా ఏసీ నడిపితే లోపలి చుట్లు వేడెక్కి తొడుగు కరుగుతుంది. రెండు పిన్నుల ప్లగ్గు తగిలించిన తీగను నేను చూస్తే అక్కడికక్కడే కోసేస్తాను.

జనరేటరు మీద నడిచే శిబిరాల్లో ఇంకో చిక్కు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత మా వీధిలో రోజుల తరబడి చిన్న జనరేటర్లు తిరుగుతున్నప్పుడు ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉంది కదా అన్న ధీమా చాలామందిలో చూశాను. చిన్న పోర్టబుల్ జనరేటర్లలో న్యూట్రల్ సాధారణంగా చట్రానికి కలిసి ఉండదు. ఒక తీగ బాడీకి తగిలినా కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేదు కాబట్టి ఆర్‌సీసీబీ పడదు, ఎవరికీ షాక్ తగలదు, లోపం దాగి ఉంటుంది. రెండో బండిలో రెండో తీగ బాడీకి తగిలిన రోజున ఆ రెండు బండ్ల మధ్య నిలబడి చెరో చేత్తో తాకిన మనిషి మీద పూర్తి వోల్టేజి పడుతుంది. ఒకే జనరేటరు నుంచి రెండు మూడు బండ్లకు పంచేటప్పుడు దాని న్యూట్రల్‌ను జనరేటరు దగ్గరే, ఒక్కచోటే ఎర్త్‌కు కలిపించి, ఆ తర్వాతే ఆర్‌సీసీబీ పెట్టించాలి. బండి లోపల మాత్రం న్యూట్రల్, ఎర్త్ ఎన్నడూ కలవకూడదు.

మా మేనల్లుడి వ్యాన్ ఎక్కువ రోజులు ఉండేది భీమిలి రోడ్డులో, సముద్రానికి ఎదురుగా. అక్కడి గాలిలోని ఉప్పు ప్లగ్గు పిన్నులను వదలదు. అరకు నుంచి వచ్చాక విప్పి చూస్తే, రెండేళ్లు కూడా నిండని ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఫేజూ న్యూట్రలూ చెడితే దీపం ఆరి మనకు తెలుస్తుంది, ఎర్త్ పిన్ను చిలుము పట్టి తెగితే ఏదీ ఆరదు. అందుకని వ్యాన్ వైపు ప్లగ్గు, సాకెట్ మార్పించి, బండి లోపల కూడా ఒక ఆర్‌సీసీబీ పెట్టించాను. ఎర్త్ పిన్ను నుంచి చట్రం దాకా నిరోధం కొలిచి, ఆ అంకెను తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాయించాను. ప్రతి మూడు నెలలకూ మళ్లీ కొలవాలి, అంకె పెరిగితే కారణం వెతకాలి.

బండికి కరెంటు కలిపే వరసను కూడా మా మేనల్లుడు రాసి తలుపు లోపల అంటించాడు. ముందు స్తంభం దగ్గర బ్రేకరు దింపాలి, సాకెట్ ముఖం రంగు చూడాలి, బ్రేకరు ఎక్కించి టెస్టరుతో పరీక్షించాలి, బ్రేకరు మళ్లీ దింపి అప్పుడే ప్లగ్గు పెట్టాలి. బ్రేకరు ఎక్కించాక ఎవరూ బండిని ముట్టుకోకముందే పెన్ను టెస్టరు బాడీ దగ్గర పెట్టాలి. అది కూస్తే బండిని గానీ తీగను గానీ తాకకుండా బ్రేకరు దింపాలి. అప్పటికే లోపల ఎవరైనా ఉంటే దేన్నీ పట్టుకోకుండా రెండు కాళ్లూ కలిపి ఒకేసారి కిందికి దూకాలి. ఈ చివరి మాటను వాళ్ల ఏడేళ్ల పాప చేత నేనే పదిసార్లు చేయించాను.

సంక్రాంతికి ముందు బస యజమాని ఫోన్ చేశాడు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పిట్ తవ్వించి కొలిపించాడట, 8 ఓములు వచ్చిందట. నీలం సాకెట్లు మూడు పెట్టించాడట, ఒక్కోదానికి విడిగా ఆర్‌సీబీఓ ఉందట. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కమన్నాను. "నొక్కితే కరెంటు పోతుంది కదా సార్, లోపల ఉన్నవాళ్లు కోప్పడతారేమో" అన్నాడు. బండ్లు లేని రోజు చూసుకుని నొక్కమని, ఎప్పుడైనా నొక్కినా పడకపోతే ఆ సాకెట్‌కు తాళం వేసి నాకు ఫోన్ చేయమని చెప్పాను.